సముద్రం దాటిన సిపాయిలు – 7: గబర్ సింగ్ మేళా

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి, వచ్చిన దారినే చీకట్లో కలిసిపోయింది. ఆ సంగతి పోయిన వారం చెప్పుకున్నాం. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. తెలుగునాట చాలా ఇళ్లలో ఆ మహాయుద్ధం గురించి మిగిలిన జ్ఞాపకం ఆ ఒక్క రాత్రే. ఇది జరిగిన నాలుగు రోజులకు, సెప్టెంబరు 26న, ఫ్రాన్స్ దక్షిణ తీరాన మార్సేయ్ రేవులో లాహోర్ డివిజన్ సిపాయిలు ఓడలు దిగారు. మన దేశపు పదాతి దళం యూరప్ గడ్డ మీద యుద్ధానికి దిగడం అదే మొదలు.

అక్టోబరులో వాళ్ల వెనకే మీరట్ డివిజన్ వచ్చింది. అందులో గఢ్వాల్ బ్రిగేడ్. ఆ బ్రిగేడ్‌లో 39వ గఢ్వాల్ రైఫిల్స్ రెండు పటాలాలు. రెండో పటాలంలో గబర్ సింగ్ నేగీ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు. ఆరు వారాలుగా ఈ శీర్షికలో జనరళ్ల పేర్లూ డివిజన్ల పేర్లూ చాలానే వచ్చాయి. ఈ వారం ఈ ఒక్క కుర్రాడి దగ్గరే ఆగుతాను.

అతను 1895 ఏప్రిల్ 21న మజ్యూడ్ అనే కొండపల్లెలో పుట్టాడు. ఆనాటి టెహ్రీ సంస్థానంలో చంబా పక్కన ఉంటుంది ఆ ఊరు. చంబా అనగానే చాలామందికి హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా గుర్తొస్తుంది. ఇది అది కాదు. రిషీకేశ్ నుంచి టెహ్రీకి పోయే దారిలో ఉన్న చంబా ఇది. ఆ పాత టెహ్రీ పట్నం ఇప్పుడు ఆనకట్ట నీళ్ల కింద ఉంది. ఎత్తున ఉన్న చంబా మాత్రం నిలిచింది.

గఢ్వాల్ కొండల్లో సేద్యమంటే వాలును మెట్లు మెట్లుగా చెక్కి, రాళ్లతో గట్లు కట్టి, ఆ సన్నటి మడులలో పండించుకోవడం. అన్నదమ్ములు వేరు పడితే ఒక్కొక్కరికి మిగిలేది కాస్తంత చెక్క. కాబట్టి ఇంటికొక మగపిల్లవాడు పటాలంలో చేరడం ఆ కొండల్లో వాడుకగా మారింది. సిపాయి జీతం నెలకు పదకొండు రూపాయలు. చేతికి నాణెం కనిపించడమే అరుదైన ఇళ్లలో ఆ డబ్బు పెద్ద అండ. మన పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరు తరతరాలుగా సైన్యానికి పిల్లల్ని పంపి, చివరికి మిలిటరీ మాధవరం అనే పేరు తెచ్చుకుంది. గఢ్వాల్‌లో అలాంటి ఊళ్లు కొండకొకటి ఉంటాయి.

గబర్ సింగ్ 1913 అక్టోబరులో పటాలంలో చేరాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. సతూరీ దేవితో పెళ్లయింది. పెళ్లినాటికి ఆమెకు పదమూడేళ్లంటారు. లాన్స్‌డౌన్ కంటోన్మెంట్‌లో కవాతూ తుపాకీ నేర్చుకుని ఏడాది తిరక్కముందే యుద్ధం వచ్చింది.

ఎక్కడో యూరప్‌లో మొదలైన యుద్ధానికి హిమాలయాల పిల్లవాడితో పనేమిటి? ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే బ్రిటన్ తన చిన్నపాటి సైన్యంలో పెద్ద భాగం పోగొట్టుకుంది. కొత్తగా చేరినవాళ్లకు తర్ఫీదు ఇవ్వడానికి నెలలు పడుతుంది. అప్పటికప్పుడు ఓడెక్కించడానికి సిద్ధంగా ఉన్న సైన్యం ఇండియాలో ఉంది. అంతకు పదిహేనేళ్ల కిందట దక్షిణాఫ్రికాలో బోయర్లతో పోరాడినప్పుడు, తెల్లవాళ్ల మీద నల్లవాళ్ల చేత తుపాకీ పేల్పించకూడదని భారత సిపాయిలను రంగంలోకి దించనే లేదు. అవసరం ముంచుకొచ్చేసరికి ఆ నియమం ఎటుపోయిందో ఎవరూ అడగలేదు.

మార్సేయ్‌లో దిగిన సిపాయిల చేతుల్లోని పాత తుపాకులు అక్కడి కొత్త తూటాలకు సరిపోక, రేవులోనే కొత్తవి ఇచ్చారు. ఒంటి మీద ఎండాకాలపు నూలు దుస్తులు. ఉన్ని కోట్లు పూర్తిగా అందేసరికి చలి ముదిరింది. గఢ్వాలీలకు మంచు కొత్త కాదు కానీ, మోకాటి లోతు బురదలో పగలూ రాత్రీ నిలబడటం కొత్త. అలా నిలబడితే పాదాలు ఉబ్బి, తిమ్మిరెక్కి, కుళ్లేవి. తుపాకి తగలకుండానే ఎందరో సిపాయిలు కాళ్లు పోగొట్టుకున్నారు.

నవంబరు 23, 24 తేదీల్లో ఫెస్తుబెర్ దగ్గర జర్మన్లు ఆక్రమించిన కందకాలను తిరిగి పట్టుకునే పోరులో మొదటి పటాలం నాయక్ దర్వాన్ సింగ్ నేగీ రెండుసార్లు తలకు, చేతికి గాయాలై కూడా వెనుదిరగలేదు. అతనికి విక్టోరియా క్రాస్ వచ్చింది. 1911 దాకా భారతీయ సిపాయిలకు ఆ పతకానికి అర్హతే లేదు. డిసెంబరులో ఐదో జార్జి రాజు ఫ్రాన్స్ వచ్చి స్వయంగా ఆ పతకం తగిలించాడు. ఏం కావాలో కోరుకోమంటే, తన కొండల్లో కర్ణప్రయాగలో ఒక బడి కావాలని దర్వాన్ సింగ్ అడిగాడంటారు. ఆ బడి వచ్చింది. ఆ మాట గఢ్వాల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పతకం కబురు ఆ చలికాలంలోనే పక్క పటాలంలో ఉన్న గబర్ సింగ్ చెవిన కూడా పడే ఉంటుంది.

సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాలను సెన్సారు అధికారులు తెరిచి చదివేవారు. ఆ సంగతి సిపాయిలకు తెలుసు. అందుకే ఉన్నదున్నట్టు రాసేవారు కాదు. నల్ల మిరియాలు చాలా ఖర్చయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరియాలు వాడుతున్నారు అన్న ధోరణిలో రాస్తే, నల్ల సిపాయిలు చాలామంది పోయారు, తెల్ల సోల్జర్లను దించుతున్నారు అని ఇంట్లోవాళ్లు అర్థం చేసుకోవాలి. చాలామందికి రాయడం రాదు. రాయడం వచ్చిన తోటివాడి పక్కన కూర్చుని చెప్పి రాయించుకునేవారు. భార్యకు చెప్పాల్సిన మాట ఇంకొకడి ఎదుట పైకి చెప్పి, మూడోవాడు చదువుతాడని తెలిసి పంపడం ఎంత కష్టమో ఆలోచించండి.

1915 మార్చి వచ్చింది. ఉత్తర ఫ్రాన్స్‌లో నూవ్ షాపెల్ అనే చిన్న ఊరు జర్మన్ల చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని, వెనకున్న ఆబెర్ గట్టు దాకా పోవాలన్నది జనరల్ హేగ్ పథకం. కందకాల యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ సైన్యం తానుగా పన్నిన మొదటి పెద్ద దాడి ఇది. విమానాల నుంచి ఫోటోలు తీసి, జర్మన్ కందకాల పటాలు గీసి పంచారు. మార్చి 10, బుధవారం ఉదయం ఏడున్నరకు ఫిరంగులు మొదలయ్యాయి. ముప్పై ఐదు నిమిషాల పాటు ఆగలేదు. ఎనిమిదీ ఐదుకు భారత సిపాయిలు ఒక వైపు నుంచి, బ్రిటిష్ సోల్జర్లు ఇంకో వైపు నుంచి లేచి నడిచారు.

గఢ్వాల్ బ్రిగేడ్‌కు దక్షిణం వైపు పని అప్పగించారు. మొదటి పటాలం దారి తప్పి కుడికి జరిగిపోయింది. అక్కడ ఫిరంగుల దెబ్బ తగలని ముళ్లకంచె చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. ఆ తీగల ముందు చాలామంది నేలకూలారు. రెండో పటాలం నేరుగా జర్మన్ల ప్రధాన కందకంలోకి దూకింది. గబర్ సింగ్ ఉన్నది ఇందులోనే.

ఇక్కడ కందకం ఎలా ఉంటుందో చెప్పాలి. అది తెలియకపోతే అతను చేసిన పని అర్థం కాదు. కందకాన్ని తిన్నగా తవ్వరు. కొన్ని గజాలు తవ్వి, మధ్యలో ఒక మట్టిదిమ్మ వదిలి, దాని చుట్టూ మలుపు తిప్పి మళ్లీ తిన్నగా తవ్వుతారు. పైనుంచి చూస్తే కోట గోడ మీది పళ్ల వరసలా ఉంటుంది. ఒక గదిలో గుండు పేలితే పక్క గదిలో ఉన్నవాడు బతకాలని ఈ ఏర్పాటు. శత్రువు ఒక మూలలో దూరినా అటునుంచి కందకం పొడుగూతా కాల్చలేడు. నూవ్ షాపెల్ చుట్టుపక్కల నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడతాయి కనుక అక్కడ సగం కందకం నేలలో, సగం ఇసుక బస్తాల గోడగా పైకి ఉండేది.

అలాంటి కందకాన్ని పట్టుకోవాలంటే ఒక్కటే దారి. లోపల దిగి, ఒక్కో మలుపూ తిరుగుతూ పోవడం. అందుకోసం చిన్న జట్లు కట్టేవారు. కొందరి చేతుల్లో బాంబులు, కొందరి చేతుల్లో బాయ్‌నెట్ తగిలించిన తుపాకులు. ఆ నెలల్లో బాంబంటే కార్ఖానా సరుకే అనుకోవద్దు. ఖాళీ జామ్ డబ్బాలో పేలుడు మందూ మేకులూ ఇనపముక్కలూ కూరి, వత్తి పెట్టి, సిపాయిలు తామే తయారు చేసుకునేవారు. వత్తి అంటించి, లెక్కపెట్టి, మట్టిదిమ్మ మీదుగా అవతలి గదిలోకి విసరాలి. తొందరపడితే అవతలివాడు తిరిగి విసురుతాడు. ఆలస్యమైతే చేతిలోనే పేలుతుంది. తడిస్తే అసలు పేలదు.

అది పేలగానే, పొగ విడిపోకముందే, బాయ్‌నెట్ పట్టుకున్నవాడు మలుపు తిరగాలి. మూల అవతల ఎందరున్నారో, చచ్చారో, తుపాకి గురిపెట్టి కూర్చున్నారో తెలియదు. మలుపు తిరిగే మొదటివాడికి వెనకవాళ్లు సాయం చేయలేరు. కందకం ఇరుకు. అందుకే ఒక మలుపు ఒకడు తిరిగితే, తరువాతి మలుపుకు ఇంకొకడు ముందుకు రావడం న్యాయం. గబర్ సింగ్ ఆ వంతు ఎవరికీ ఇవ్వలేదు. విక్టోరియా క్రాస్ ప్రకటనలో రాసింది అదే. ప్రతి మలుపూ మొట్టమొదట తిరిగినవాడు అతనే, శత్రువును వెనక్కి వెనక్కి తోసి చివరకు లొంగిపోయేలా చేశాడు, ఆ పోరులోనే చనిపోయాడు. ప్రకటన మొత్తం రెండు మూడు వాక్యాలే. అతను ఎన్ని మలుపులు తిరిగాడో, ఏ మలుపు దగ్గర పడిపోయాడో అందులో లేదు.

ఆ ఉదయమే నూవ్ షాపెల్ చేతికి చిక్కింది. ఆ తరువాత అంతా గందరగోళం. ఫిరంగి దెబ్బలకు టెలిఫోను తీగలు తెగాయి. ముందున్నవాళ్లు ఎంతదూరం వెళ్లారో వెనకున్న అధికారులకు తెలియలేదు. ముందుకు పొమ్మనే ఆజ్ఞలు గంటల తరబడి ఆలస్యమయ్యాయి. ఈలోగా జర్మన్లు కొత్త దళాలను తెచ్చి నిలబెట్టారు. మార్చి 13కి పోరు ముగిసేసరికి గెలిచిన నేల లోతు సుమారు రెండు కిలోమీటర్లు. ఆబెర్ గట్టు దక్కలేదు. చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ తప్పిపోయినవాళ్లూ కలిపి బ్రిటిష్, భారత సైన్యాలకు దాదాపు 12,000 మంది. అందులో భారత సిపాయిల వంతు నాలుగు వేల పైనే. ఫిరంగి గుండ్లు చాలలేదని లండన్‌లో పెద్ద రభస జరిగింది. మనుషులు చాలలేదని ఎవరూ రభస చేయలేదు. వాళ్లు ఇంకా దొరుకుతున్నారు.

ఏప్రిల్ 28న లండన్ గెజెట్‌లో గబర్ సింగ్ పేరు వచ్చింది. సరిగ్గా వారం ముందు అతనికి ఇరవై నిండి ఉండాల్సింది. ఆ యుద్ధంలో విక్టోరియా క్రాస్ అందుకున్న భారతీయ సిపాయిలు పదకొండు మంది. అతని శరీరం దొరకలేదు. సమాధి లేదు, దహనం లేదు.

పన్నెండేళ్ల తరువాత, 1927 అక్టోబరు 7న, అదే నూవ్ షాపెల్ దగ్గర భారతీయుల స్మారకం తెరిచారు. ఢిల్లీలో సచివాలయ భవనాలు కట్టిన హెర్బర్ట్ బేకరే దీన్నీ కట్టాడు. గుండ్రటి ప్రాకారం, సాంచీ స్తూపం చుట్టూ ఉన్నలాంటి జాలీ కంచె, మధ్యలో పదిహేను మీటర్ల స్తంభం, దాని మీద తామర, పక్కన రెండు పులులు. గోడ మీద 4,700కు పైగా పేర్లు. అందరూ సమాధి దొరకనివాళ్లే. గబర్ సింగ్ పేరు వాటిలో ఒకటి. ఆ రోజు సభలో రచయిత కిప్లింగ్ కూడా ఉన్నాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు జాన్, పద్దెనిమిదేళ్లవాడు, అక్కడికి దగ్గరలోని లూస్ పోరులో 1915 సెప్టెంబరులో పోయాడు. అప్పటికి ఆ శరీరమూ దొరకలేదు. సామ్రాజ్యం గురించి కిప్లింగ్ రాతలతో నాకు ఏకీభావం లేదు. కానీ ఆ రోజు ఆ గోడ ముందు ఆయన ఏం వెతుక్కున్నాడో తెలుస్తూనే ఉంది.

ఫ్రాన్స్‌లో చనిపోయినవాళ్లకు పేరైనా మిగిలింది. ఇరాక్‌లో చనిపోయిన మన మామూలు సిపాయిలకు అదీ లేదు. బస్రా స్మారకం మీద బ్రిటిష్ సోల్జర్ల పేర్లు చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కారు. మిగతా వేలమందికి పటాలం పేరు, పక్కన ఒక అంకె. ఆ తప్పును ఈ స్మారకాలు చూసే యుద్ధ సమాధుల కమిషన్ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది 2021లో.

యుద్ధం ముగిసింది. సిపాయిల నెత్తురుకు బదులుగా స్వపరిపాలన వస్తుందని మన నాయకులు చాలామంది నమ్మారు. గాంధీజీ సైతం 1918లో గుజరాత్ పల్లెలు తిరిగి సైన్యంలో చేరమన్నారు. మరుసటి ఏడు వచ్చింది రౌలట్ చట్టం, దాని వెంట జలియన్‌వాలా బాగ్. అప్పటి నుంచి మన చరిత్ర పుస్తకాలకు ఈ సిపాయిలంటే ఇబ్బంది. పరాయి రాజు కోసం పోరాడారని కొందరు తలతిప్పుకున్నారు. గఢ్వాల్ జనం తిప్పుకోలేదు. ఎవరి యుద్ధమైనా, ఆ మలుపు తిరిగినవాడు మా పిల్లవాడు అన్నారు. నేను ఆ జనం పక్షానే నిలబడతాను. యుద్ధం చేయించినవాళ్ల లెక్క వేరు, చేసినవాడి లెక్క వేరు.

1925లో, అంటే ఫ్రాన్స్ స్మారకం కంటే రెండేళ్లు ముందే, చంబాలో గబర్ సింగ్ పేరిట మేళా మొదలైంది. ఏటా వైశాఖంలో అతని పుట్టినరోజుకు, ఏప్రిల్ 20నో 21నో జరుగుతుంది. చుట్టుపక్కల పల్లెల జనం వస్తారు. ఢోలు వాయిస్తారు, దుకాణాలు పెడతారు, పిల్లలు రంగులరాట్నాలు ఎక్కుతారు. లాన్స్‌డౌన్ నుంచి గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు వచ్చి స్మారకానికి పూలమాల వేసి వందనం చేస్తారు. 1971లో ఆ రెజిమెంటు ఈ మేళాను తన సొంతంగా స్వీకరించింది. చనిపోయిన సిపాయికి తిరునాళ్లేమిటని మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. కారెంపూడిలో కార్తీకం వచ్చిందంటే పల్నాటి వీరుల ఆయుధాలు బయటికి తీసి ఉత్సవం చేస్తారు. అక్కడా జనం ఎక్కువగా తలుచుకునేది కొత్త పెళ్లికొడుకుగా యుద్ధానికి పోయిన బాలచంద్రుణ్ణే. అతని భార్య మాంచాల పేరు చెప్పకుండా ఆ కథ సాగదు.

ఇక్కడ ఆ పేరు సతూరీ దేవి. భర్త పోయేనాటికి ఆమె ఇంకా చిన్నపిల్ల. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. భర్తకు వచ్చిన విక్టోరియా క్రాస్‌ను రొమ్ము మీద తగిలించుకునేది. పండగలకూ సభలకూ మాత్రమే కాదు. ఆ కొండ ఆడవాళ్లందరిలాగే పశువుల మేతకూ కట్టెలకూ పోయేటప్పుడూ అది ఆమె ఒంటి మీద ఉండేదట. పతకం అంగుళంన్నర కంచు ముక్క, ముదురెరుపు రిబ్బను. గడ్డిమోపు తల మీద పెట్టుకుని వస్తున్న ముసలామె ఎదురైతే చంబాలో ఫౌజీలు ఆగి సెల్యూట్ చేసేవారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1981లో ఆమె కన్నుమూసింది. భర్త పోయి అప్పటికి అరవై ఆరేళ్లు. అతను బతికినదానికి మూడు రెట్లకు పైగా ఆమె అతని విధవగా బతికింది. పరాక్రమం ఒక ఉదయం పట్టింది. దాని బరువు ఎవరు మోశారో చంబా వాళ్లకు తెలుసు. అందుకే మేళాలో ఇద్దరి పేర్లూ వినిపిస్తాయి. ఆమెది వీరనారి కథ అని పొగిడి ఊరుకోవడం నాకు చాలదు. ఆ పదమూడేళ్ల పిల్లకు ఇంకో జీవితం ఉండే వీలుందా అని ఆనాడు అడిగినవాళ్లు లేరు.

గఢ్వాల్ రైఫిల్స్‌కు యుద్ధం తరువాత రాయల్ అనే బిరుదు ఇచ్చారు, నంబరు మార్చారు. 39వ గఢ్వాల్ రెండో పటాలం 18వ రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ రెండో పటాలం అయింది. గబర్ సింగ్ పటాలం అదే. 1930లో దాన్ని పెషావర్‌లో ఉంచారు. ఉప్పు సత్యాగ్రహం దేశమంతా పాకుతోంది. ఏప్రిల్ 23న కిస్సా ఖ్వానీ బజారులో చేతిలో కర్ర కూడా లేని పఠాన్ల గుంపు మీద కాల్చమని ఆ పటాలానికి ఆజ్ఞ వచ్చింది. తాను కూడా 1915లో ఫ్రాన్స్‌లో పోరాడివచ్చిన హవల్దార్ చంద్రసింగ్ గఢ్వాలీ తన మనుషులను కాల్చవద్దన్నాడు. తుపాకులు దిగాయి. చంద్రసింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది.

గఢ్వాల్ జనం ఈ ఇద్దరి పేర్లూ ఒకే గౌరవంతో చెబుతారు. ఒకడు ఆజ్ఞ పాటించి మలుపు తిరిగాడు, ఇంకొకడు ఆజ్ఞ ధిక్కరించి తుపాకి దించాడు. ఒకే పటాలం. మధ్య పదిహేనేళ్లు. పెషావర్ బజారులో ఆ ఉదయం ఏం జరిగిందో, ఆ సిపాయిలు ముందు రోజు రాత్రి తమలో తాము ఏం మాట్లాడుకున్నారో వచ్చే వారం.